ఏడో పలక, చండ్ర రోకలి

బండికి 41 రోజులు

ఏడో పలక నిలకడ: 88. పోయిన నెల 93. పీట తుడిచాను. జిడ్డు పూశాను. నాలుగు మరలూ బిగించాను. – బోణి నూకరత్నం, తూర్పు వరస కాపరి.

ఇంతవరకు రాసి పుస్తకం మూసెయ్యాలి. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నది అదే. ఎడమ పేజీలో ఈ మూడు ముక్కలు రాస్తాను, కుడి పేజీ ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. ఇవాళ ఆ ఖాళీని చూస్తే ఒళ్లు మండింది. అయిదు గీతలు పడిపోయిన పలక గురించి మూడు ముక్కలేనా? అందుకే ఇటువైపు కూడా రాస్తున్నాను. నచ్చనివాళ్లు చదవనక్కర్లేదు.

మా ఊరు చలిగుంట. చందమామ దక్షిణపు కొసన, గుంట అంచు మీద ఎప్పుడూ ఎండ, అడుగున ఎప్పుడూ నీడ. ఊరు అంచు మీది సొరంగాల్లో ఉంటుంది. పలకలు అడుగున ఉంటాయి. సున్నాకు రెండువందల ముప్పై డిగ్రీల కింద, గాలి అన్నది లేని చోట. తాడుబండిలో దిగడానికి గంట, చలికోటు తొడగడానికి ఇంకో గంట.

పొద్దున పోలమ్మ వచ్చింది. ఊరి వరి మళ్లన్నీ ఆవిడవే. అంటే ఆవిడ ఆస్తి అని కాదు, ఆవిడ ప్రాణం అని. చేతిలో ఒక ఎర్రబడిన వరి వెన్ను ఉంది.

"సూడు రత్నమ్మా. మూడో సొరంగంలోకి కూడా వొచ్చీసినాది తెగులు. విత్తనంలోనే ఉందట. దాసిన గింజలన్నీ తగలెట్టీమన్నారు."

"మరి నాట్లకి?"

"ఇంకేటుంది? నీ పలకే."

ఏడో పలకలో మా మొదటి వరి జన్యుక్రమం ఉంది, తెగులు ఎరగని వరిది, అక్షరం అక్షరం. దాన్ని చదివే యంత్రమూ, చదివిన దాన్నిబట్టి విత్తనం అచ్చువేసే యంత్రమూ ఉత్తరపు ఊళ్లలో ఉన్నాయి. అవి బండి మీద బయల్దేరాయట. రావడానికి నలభై ఒక్క రోజులు. మా దగ్గర ఉన్నది ముల్లుపెట్టె ఒక్కటే. అది అక్షరాలు చదవలేదు, పలకలో బలం ఎంత మిగిలిందో చెబుతుంది. అరవై దాటి కిందికి పోతే ఏ యంత్రమూ చదవలేదు. వరి లేకపోతే ఊరు మూసేసి తొమ్మిది వందల మందిని గనులకు తలా ఒక చోటికి పంచేస్తారు.

"నా చేతిలో ఉన్నంతకాలం ఏడో పలకకు ఏమీ కాదు" అన్నాను పోలమ్మతో. గట్టిగానే అన్నాను.

బండికి 36 రోజులు

నిలకడ: 83. తుడిచాను. పూశాను. బిగించాను.

రోజుకొక గీత పడిపోతోంది. ఊరిసభ కబురు పెట్టింది, పది రోజులకోసారి పూసే జిడ్డు ఇకపై మూడు రోజులకోసారి పూయమని. నాకు చెప్పాలా? నేను ముందే మొదలుపెట్టాను.

పలక అంటే రాతిపలక కాదు. రాగి పీట మీద లక్షల స్ఫటికపు గింజలు పరిచి ఉంటాయి. ఒక్కో గింజ ఒక్కో అక్షరం. గింజలో కోట్లాది ఎలక్ట్రాన్లు, ప్రతిదానికీ స్పిన్ అనే గుణం ఉంటుంది. చిన్న బొంగరం అనుకుంటే తప్పులేదు. అన్ని బొంగరాలూ పైకి చూస్తే ఒక అక్షరం, కిందికి చూస్తే ఇంకో అక్షరం. ఆ చూపు తప్పకూడదు. గింజలోని అణువులు వరసల్లో చేతులు పట్టుకుని నిలబడి ఉంటాయి. వేడి తగిలితే ఆ వరసలు ఊగుతాయి, ఆ ఊపు బొంగరాలను పడదోస్తుంది. అందుకే చలి. అందుకే జిడ్డు కూడా: గింజ రాగికి అతుక్కుంటే రాగి చల్లదనం గింజకు అందుతుంది. మా ఊరి మొదటి రూలు ఇదే, సొరంగం గుమ్మం మీద చెక్కి ఉంది: పీటకు అతికిన పలకకే ప్రాణం.

పోయిన ఏడాది వెండిపొడి కలిపిన కొత్త జిడ్డు వచ్చింది. పాతది ముద్దముద్దగా ఉండేది. ఇది పల్చగా పాకి ప్రతి సందులోకీ దిగుతుంది. మొట్టమొదట నా ఏడో పలకకే పూయించుకున్నాను, పోట్లాడి మరీ.

వచ్చేటప్పుడు పడమటి వరస కాపరి తవిటయ్య బావ కనిపించాడు. మా ఆయన పెదనాన్న కొడుకు. మా ఆయన పోయినా ఈయన వేళాకోళాలు పోలేదు. పని పుస్తకంలో మాత్రం ప్రతి పదిరోజులకూ ముత్యాల్లాంటి అక్షరాలతో 'పూశాను' అని రాసి ఉంటుంది.

"ఏటి మరదలా, అంత రుద్దితే పలక అరిగిపోదేటి?" అన్నాడు.

"నీలాగ చేతులు కట్టుకుని కూర్చుంటే నిలబడుతుందా?" అన్నాను.

బండికి 31 రోజులు

నిలకడ: 75. తుడిచాను. పూశాను. బిగించాను.

జిడ్డు పూసిన మర్నాడు ఇంకా వేగంగా పడుతోంది. నా కళ్లకే అబద్ధంలా ఉంది. జిడ్డు చాలడం లేదేమో అనుకుని ఇంకో పూత వేశాను.

ఇంకొక పని కూడా చేశాను, అది ఊరికి నచ్చలేదు. ఊపే శత్రువైతే ఊరిలో ఊపు ఎందుకు? సభను ఒప్పించి చప్పుళ్లన్నీ ఆపించాను. పిల్లల గెంతులాట బంద్. పాదాలకు గుడ్డ చుట్టుకోవాలి. రోలూ రోకలీ వాడకూడదు. మిగిలిన కాస్త పాత బియ్యం పిండి కొట్టుకోవడానికి కూడా వీల్లేదు.

పోలమ్మ ఇంట్లో ఒక చండ్ర కర్ర రోకలి ఉంది. ఊరు కట్టిన కొత్తలో భూమి నుంచి తెచ్చినది, చివర ఇనప పొన్నుతో. దాన్ని నేనే వెళ్లి గుడ్డ చుట్టి మూల పెట్టించాను. నేను గుమ్మం దాటాక అంది.

"నా సేను సచ్చిపోతంటే నా రోకలికి సంకెళ్లేసినావు. సరే. పలక మాత్రం నిలబెట్టు."

బండికి 28 రోజులు

నిలకడ: 69.

ఇవాళ పూయలేదు. లెక్క చాలా తేలిక: రోజుకు రెండు గీతలు, అరవైకి తొమ్మిది గీతలు, అంటే అయిదో రోజుకు అంతా అయిపోతుంది. బండి మాత్రం ఇరవై ఎనిమిది రోజులకు గానీ రాదు. తాడుబండి దగ్గర కూలబడి ఏడ్చాను. చలికోటు తలతొడుగులో ఏడిస్తే కన్నీళ్లు తుడుచుకునే వీలుండదు, అదొక శిక్ష.

ఏడ్చాక కోపం వచ్చింది. నాకెప్పుడూ ఆ వరసే. ఎవరి మీద చూపించాలో తెలియక పడమటి వరసకు పోయాను. తవిటయ్య బావ పలకలు ఎంత అధ్వానంగా ఉన్నాయో చూసి నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకుందామని. ఆయన పందొమ్మిదో పలకలో పెళ్లిపాటలూ పచ్చళ్ల పద్ధతులూ ఉంటాయి. పీట మీద జిడ్డు ఎండి, ఎండిన చెరువు బురదలా పగిలి ఉంది. మరలు రెండే, అవీ వదులు. ముల్లుపెట్టె ఆనించాను.

97.

ముల్లు పాడైందనుకున్నాను. నా పలక దగ్గరికి పోయి పెట్టాను: 69. తిరిగి వచ్చి పెట్టాను: 97. ఇంకో ముల్లు తెచ్చాను: 97.

పైకి వచ్చి బావను పట్టుకున్నాను. గుడ్డ చుట్టుకున్న పాదాలతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"పందొమ్మిదో పలకకు జిడ్డు ఎప్పుడు పూశావు?"

"పుస్తకంలో ఉంది కదేటి..."

"పుస్తకం సంగతి కాదు. నిజం చెప్పు."

అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆరేళ్లయింది మరదలా. మోకాళ్లు వొంగవు. చలికోటేసుకుని పీట ముందల కూకుంటే మళ్లీ లెగలేను. సెప్తే కాపరి పని తీసీస్తారని... ఊరికే రాసీసినాను. సభకి సెప్పీయకు. నీకు దండమెడతాను."

దొంగ రాతకు మా ఊళ్లో శిక్ష పెద్దది. ఇంకో రోజైతే నేనే సభకు ఈడ్చుకుపోయేదాన్ని. కానీ నా చెవుల్లో తొంభై ఏడే మోగుతోంది. ఆరేళ్లు జిడ్డు పూయని పలక నిలబడింది. మూడు రోజులకోసారి పూసిన పలక కూలిపోతోంది.

"బావా, లే. సభకు చెప్పేది నీ గురించి కాదు" అన్నాను. నా గురించి అని అప్పటికే అర్థమైంది.

బండికి 27 రోజులు

నిలకడ: 67.

పాత చిత్తు పలక ఒకటి ఉంది, అందులో ఏమీ రాసిలేదు. దాన్ని రెండు ముక్కలు చేసి, పెద్ద అయస్కాంతం పక్కన పెట్టి బొంగరాలన్నిటినీ పైకి నిలబెట్టి, ఒకదానికి కొత్త జిడ్డు పూశాను, రెండోదాన్ని ఉత్త రాగి మీద పొడిగా పరిచాను. రెండూ నూరు దగ్గర మొదలయ్యాయి. రెండు రోజులు ఆగాలి. ఆగడం నాకు చేతకాని పని.

ఈలోగా మా అత్త చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. ఊరి మొదటి ఇరవై ఏళ్లూ పలకలు గుంట అడుగున లేవు. పైన సొరంగంలోనే, చల్లబరిచే యంత్రం పక్కన ఉండేవి. అప్పుడు చలి రాగిలోంచే రావాలి. జిడ్డు లేకపోతే గింజలు వేడెక్కి చచ్చేవి. తర్వాత అడుగుకు మార్చారు. ఇక్కడ చలి అంతటా ఉంది, యంత్రం ఎవరికీ అక్కర్లేదు. పలకలు మారాయి, చోటు మారింది, గుమ్మం మీద రూలు మాత్రం మారలేదు. నేను దాన్ని రోజూ కళ్లకద్దుకుని దిగాను.

బండికి 25 రోజులు

నిలకడ: 63.

జిడ్డు పూసిన ముక్క: 95. పొడి ముక్క: 100. ముల్లు కదలనే లేదు.

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ మందు వేసింది నేనే.

తర్వాత పోలమ్మను పిలిచి చెప్పాను. ఆవిడకు చెప్పగలిగితే సభకు చెప్పగలను.

"పోలమ్మా, గింజలో ఒక బొంగరం పడిపోయిందనుకో. పడేటప్పుడు అది అణువుల వరసను ఒక తోపు తోస్తుంది. అదే ఊపు. ఆ ఊపు కొలత సరిగ్గా ఇంకో బొంగరాన్ని లేపడానికి సరిపోయే కొలత. అది గింజలోనే ఉండిపోతే గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చి, పడినదాన్నో పక్కదాన్నో మళ్లీ లేపుతుంది."

"పడ్డోడిని ఇంట్లోవోళ్లే లేపినట్టు."

"అదే. ఊపు ఇల్లు దాటకూడదు. చుట్టూ గాలి లేదు, పోవడానికి దారి లేదు. మరి నేనేం చేశాను? ప్రతి గింజకూ రాగిలోకి జిడ్డుతో తలుపు పెట్టాను. ఒక్కో ఊపూ ఆ తలుపులోంచి పోతుంటే నేను ఇంకా వెడల్పు చేశాను."

పోలమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అయితే తలుపు మూసీ" అంది.

ఎలా మూయడం? కడిగితే గింజలు వేడెక్కుతాయి. గీకితే గింజలు లేచిపోతాయి. బావ పలక మీద జిడ్డు ఆరేళ్లకు తనంతట తనే పగిలింది. మాకు ఆరేళ్లు లేవు.

తవిటయ్య బావ కూడా అక్కడే ఉన్నాడు. అప్పుడన్నాడు.

"ఆ సలికి జిడ్డు రాయిలాగ గట్టిపడిపోద్ది కదా. రాయిని పగలగొట్టాలంటే ఏటి సేత్తారు? కొడతారు."

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పోలమ్మ లేచి ఇంటికి పోయింది. తిరిగి వచ్చేసరికి చేతిలో చండ్ర రోకలి ఉంది. గుడ్డ విప్పేసి ఉంది.

బండికి 24 రోజులు

నిలకడ, పొద్దున: 61న్నర.

సభలో చెప్పాల్సిందంతా చెప్పాను. తప్పు నాది అన్నాను. రూలు పాతబడిందన్నాను. చలిపెట్టెలో పైకి తెచ్చిన పొడి ముక్కనూ జిడ్డు ముక్కనూ ముల్లుతో చూపించాను. అంతా విన్నారు. రోకలి మాట వచ్చేసరికి ఒకాయన లేచి నిలబడ్డాడు.

"ఊపు వద్దని మా పిల్లల్ని గెంతనివ్వలేదు నువ్వే. ఇప్పుడు పలక మీద రోకటిపోటా?"

న్యాయమైన మాటే. సిగ్గుపడుతూనే జవాబిచ్చాను. రోకలి ఊపు మందకొడి ఊపు, గింజ మొత్తాన్ని ఉయ్యాల ఊపినట్టు ఊపుతుంది. బొంగరాన్ని పడదోసే ఊపు వేరు, అది రెప్పపాటులో కోట్లసార్లు అదురుతుంది. ఉయ్యాల ఊగినంత మాత్రాన అందులోని బిడ్డ చేతి గాజు ఊడిపోదు. పిల్లల గెంతులు ఆపించింది నా భయం, నా తెలివి కాదు.

పొడి ముక్క ఉన్న చలిపెట్టెను బల్ల మీద పెట్టి పోలమ్మ రోకలితో బల్లను ఠపీమని కొట్టింది. ముల్లు కదల్లేదు. ఆ సభలో అంత చప్పుడు ఎన్ని రోజులకు విన్నారో! వెనక ఎవరో పిల్ల పకపకా నవ్వింది.

"సేను నాది. సచ్చినా నాదే, బతికినా నాదే. నాను కొడతాను" అంది పోలమ్మ.

ఒప్పుకున్నారు.

ముగ్గురమూ దిగాం. తవిటయ్య బావ మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ దిగాడు. పీట ముందు నేను కూర్చున్నాను, మరలు వదులు చేశాను. ముల్లుపెట్టె బావ చేతిలో ఉంది. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదు. పీట అంచు చూపించి, తలతొడుగు రేడియోలో కానియ్యి అన్నాను.

గాలి లేని చోట చప్పుడుండదు. రోకలి పొన్ను రాగికి తగలడం కంటితో చూశాను, అరికాళ్లతో విన్నాను. మొదటి పోటుకు ఏమీ కాలేదు. రెండో పోటుకు జిడ్డు మీద వెంట్రుకంత గీత పడింది. మూడో పోటుకు ఆ గీత పీట అంతటా పాకింది. నాలుగు, అయిదు, ఆరు. పోలమ్మ పిండి దంచే లయలోనే దంచింది, ఒక్క పోటు ఎక్కువా తక్కువా లేకుండా. ఏడో పోటుకు జిడ్డంతా పెంకులు పెంకులుగా విడిపోయి, గింజలు పీట మీద పొడిగా, విడివిడిగా, ఆరబోసిన వడ్లలా నిలబడ్డాయి.

"ఆపు!" అని అరిచాను.

బావ ముల్లు పెట్టాడు. 61న్నర. గంట ఆగి పెట్టాడు. 61న్నర. మూడు గంటలు ఆగి పెట్టాడు.

"మరదలా, ఇది సచ్చిపోయిందేటి? కదల్డం లేదు."

"చావలేదు బావా. బతికింది."

ముల్లుపెట్టె లాక్కుని నేనూ ఒకసారి పెట్టాను: 61న్నర.

బండికి 23 రోజులు

నిలకడ: 61న్నర. ఏమీ చేయలేదు.

ఏమీ చేయకుండా ఉండడం ఎంత కష్టమైన పనో ఇవాళే తెలిసింది. చేతులు వాటంతటవే జిడ్డు డబ్బా వైపు పోతున్నాయి. డబ్బాను తాడుబండిలో పైకి పంపేశాను.

బండికి 11 రోజులు

నిలకడ: 61, ఇంకా ఓ చిటికెడు. ఏమీ చేయలేదు.

మిగిలిన పలకలన్నిటినీ కొట్టేశాం. పోలమ్మకు ఇద్దరు తోడు వచ్చారు, వంతులవారీగా దంచారు. ఎక్కడా ముల్లు పడలేదు. పైన పిల్లలు గెంతుతున్నారు. నా గుమ్మం ముందుకొచ్చి మరీ గెంతుతున్నారు, కావాలనే. గెంతనీ.

బండి వచ్చింది

నిలకడ: 60, మీద అర గీత.

ఉత్తరపు ఊళ్ల మనిషి యంత్రం బిగించి చదవడానికి రెండు రోజులు తీసుకున్నాడు. నేను పైన తాడుబండి దగ్గర నుంచి కదల్లేదు. చివరికి పైకి వచ్చి తలతొడుగు తీసి అడిగాడు.

"అరవై దగ్గర ఉన్న పలకలో సగం అక్షరాలు ఉండవని వచ్చాను. దీంట్లో ఒక్కటి తప్పలేదు. ఏం చేశారు?"

"కొట్టాం" అన్నాను.

నవ్వులాట అనుకున్నాడు. పోలమ్మ రోకలి చూపించింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి, మళ్లీ ఆవిడకే రెండు చేతులతో ఇచ్చాడు. మావాళ్లకూ చెప్పాలి, మా పలకలకూ నిలకడ పడిపోతోంది అన్నాడు. అక్కడా గుమ్మం మీద అదే రూలు చెక్కి ఉందట.

సాయంత్రానికి అచ్చుయంత్రం నలభై గింజలు వదిలింది. పోలమ్మ వాటిని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. నేను వంగి చూశాను. ఇరవై రెండేళ్లు కాపలా కాశాను గానీ ఆ వరి మొహం చూడడం ఇదే మొదటిసారి.

బండి వెళ్లాక 230వ రోజు

విత్తనానికి తీసిపెట్టాక మిగిలిన మొదటి వడ్లు ఇవాళ దంచాం. ఎర్ర మచ్చ ఒక్కటి లేదు. సొరంగం గుమ్మం ముందే రోలు పెట్టించింది పోలమ్మ. మొదటి పోటు నా చేత వేయించింది. ఊరు ఊరంతా నిలబడి చూస్తోంది. నేను ఆడదాన్నే గానీ వడ్లు దంచి ఎరగను, రోకలి పక్కకు జారి రోలు అంచుకు తగిలింది. అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆ రోకటిపోటు గుమ్మం రాతిలోకీ, గుంట గోడలోకీ, అడుగున పలకల దాకా పోయే ఉంటుంది. పోనీ.

గుమ్మం మీది పాత రూలు చెరపలేదు. కింద కొత్తది చెక్కారు: వేడి చోట అతికించు, చలి చోట వదిలెయ్యి. ఎక్కడున్నావో ముందు చూసుకో. చివరి మాట నాది.

తవిటయ్య బావ దొంగ రాతల మీద సభ విచారణ పెట్టింది. శిక్ష వేశారు: ఆరేళ్ల పేజీల్లో ప్రతి 'పూశాను' పక్కనా తన చేత్తోనే నిజం రాయాలి. అరుగు మీద కూర్చుని రాస్తున్నాడు, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని. ముత్యాల్లాంటి అక్షరాలే. 'పూయలేదు, పూయలేదు, పూయలేదు.' దారిన పోయేవాళ్లు ఆగి, ఆయనకు దండం పెట్టి పోతున్నారు.

"సూసినావేటి మరదలా, బద్దకానికి దండాలెడతన్నారు" అన్నాడు.

"మురిసిపోకు. రేపటి నుంచి తూర్పు వరస కూడా నీదే. ఏమీ చేయకుండా ఉండడం నాకింకా సరిగ్గా రాలేదు, నువ్వే నేర్పాలి" అన్నాను.

బండి వెళ్లేముందే ఉత్తరపు మనిషి చేత ఏడో పలకలో పోలమ్మ కొత్త వరిని మళ్లీ మొదటి నుంచి రాయించాం. అన్ని బొంగరాలూ నిండుగా నిలబడ్డాయి.

ఏడో పలక నిలకడ: 100. తుడవలేదు. పూయలేదు. బిగించలేదు. – బోణి నూకరత్నం, కాపరి.